దాహం వేయకముందే తాగాలా?

ఆటగాళ్లు తాగాల్సిన నీళ్ల గురించి, తినాల్సిన తిండి గురించి మీరు రాసిన వ్యాసం బాగుంది కానీ, అందులో "దాహం వేసేదాకా ఆగొద్దు, వీలైనన్ని నీళ్లు తాగుతూనే ఉండండి" అన్న సలహా దగ్గరే నాకు పేచీ. నీళ్లు తక్కువైతే ఆట దెబ్బతింటుంది, నిజమే. మరీ ఎక్కువైతే ప్రాణానికే ముప్పు. రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, తికమక, ముదిరితే ఫిట్స్ వస్తాయి. 2002 బోస్టన్ మారథాన్‌లో పరుగు ముగించి రక్తం ఇచ్చిన 488 మందిలో 13 శాతం మందికి సోడియం తక్కువగా తేలింది. పరుగులో బరువు పెరిగినవాళ్లకే ఆ ముప్పు ఎక్కువ. పరిగెత్తి బరువు పెరగడమేంటి అనుకోకండి, అదంతా తాగిన నీళ్లే!

ఎవరి చెమట లెక్క వాళ్లదే. ప్రాక్టీసుకు ముందూ, అయ్యాక తడిసిన బట్టలు విప్పేసీ తూకం చూసుకోండి. కిలో తగ్గితే సుమారు లీటరు పోయినట్టు. మధ్యలో తాగినదీ దానికి కలపాలి.

ఇంకోటి, నీళ్ల మీద ఇంత రాసి తిండిని రెండు ముక్కల్లో తేల్చేశారు. గంటన్నర దాటిన ఆటలో చాలామంది చతికిలబడేది కండరాల్లో దాచుకున్న పిండిపదార్థం ఖాళీ అయ్యే. గంటకు 30 నుంచి 60 గ్రాములు అందితే చాలావరకు నెట్టుకురావచ్చు. కడుపుకు ఆ అలవాటు చేయాల్సింది మాత్రం ప్రాక్టీసులోనే, పోటీ రోజున కాదు.