వైకుంఠధామం కట్టిన సర్కారు మంచం దగ్గరికి ఎప్పుడొస్తుంది?

పాలమూరు వైపు వెళ్లినా, నల్లగొండ వైపు వెళ్లినా ఊరి చివర వైకుంఠధామం, అంటే ప్రభుత్వం కట్టించిన శ్మశానవాటిక కనిపిస్తుంది. 2019లో పల్లె ప్రగతి కార్యక్రమం మొదలయ్యాక కట్టినవే ఎక్కువ. పట్టా ఉన్న రైతు 18 నుంచి 59 ఏళ్ల లోపు ఏ కారణంతో చనిపోయినా, 2018 ఆగస్టులో వచ్చిన రైతుబీమా కింద నామినీకి 5 లక్షల రూపాయలు అందుతాయి. వ్యవసాయ విస్తరణ అధికారి ఇంటికే వచ్చి కాగితాలు తీసుకెళ్తాడు, పది రోజుల్లో డబ్బు పడాలన్నది నిబంధన. భర్త పోయిన ఆడమనిషికి పింఛను ఉంది. ఇవి చిన్న విషయాలు కావు. కానీ అన్నీ ప్రాణం పోయాక వచ్చేవే. అంతకు ముందు నయం కాని రోగంతో మంచం మీద గడిచే నెలల్లో చాలా ఇళ్ల గడప తొక్కే ప్రభుత్వ మనిషి లేడు.

ఆ నెలలు ఒక్క మాటతో మొదలవుతాయి. "ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపోండి." అచ్చంపేట, దేవరకొండ, కొల్లాపూర్ వైపు నుంచి హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి తిరిగి తిరిగి అలసిన కుటుంబాలు ఈ మాట విని బండి మాట్లాడుకుంటాయి. నిజానికి చేయాల్సింది అప్పుడు చాలా ఉంటుంది. గుట్కాతో నోటి క్యాన్సర్ వచ్చిన మనిషినే తీసుకోండి. దవడ మీద పుండు పగిలి వాసన వస్తుంది. మనవలు దగ్గరికి రారు. మంచం మెల్లగా ఇంట్లోంచి వసారాలోకి, అక్కడి నుంచి కొట్టంలోకి జరుగుతుంది. ఆ మనిషిని సగం చంపేది ఈ జరగడమే. మెట్రోనిడజోల్ మాత్రను మెత్తగా పొడి చేసి, శుభ్రం చేసిన పుండు మీద చల్లి కట్టు కడితే కొద్ది రోజుల్లో వాసన బాగా తగ్గుతుంది. మందుల షాపులో కొద్ది రూపాయలకే దొరికే మాత్ర ఇది. అలాగే రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతుంటే వీపుకు పుండ్లు పడటం చాలావరకు ఆపవచ్చు. ముక్కు గొట్టంతో జావ పోసేటప్పుడు తల ఎత్తి ఉంచాలి. ఇవి కోడలికో, కూతురికో ఒక నర్సు పక్కన కూర్చుని ఒకసారి చేసి చూపిస్తే వచ్చే పనులే. చూపించేవాళ్లే లేరు.

నొప్పి సంగతి ఇంకా ఘోరం. క్యాన్సర్ ముదిరాక వచ్చే నొప్పికి మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకోసారి వేస్తే మనిషి నిద్రపోగలడు, నలుగురితో మాట్లాడగలడు. మలబద్ధకానికి మందు కలిపి ఇవ్వాలి, అంతే. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఏళ్ల తరబడి ఆసుపత్రులు ఈ మందు ఊసెత్తడానికే భయపడ్డాయి. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులకు దారి సులువు చేశారు. చట్టం మారినా భయం పోలేదు. అందుకే అర్ధరాత్రి నొప్పి లేస్తే ఊరి ఆర్‌ఎంపీ వస్తాడు, ఇంజెక్షన్ వేస్తాడు, గ్లూకోజ్ ఎక్కిస్తాడు. చివరి రోజుల్లో ఆ గ్లూకోజ్ చాలాసార్లు ఒంటికి నీరు పట్టించి ఆయాసం పెంచుతుంది. ఆయన్ను తిట్టి లాభం లేదు, పిలిస్తే వచ్చేది ఆయనొక్కడే.

తెలంగాణ ఈ పని మొదలుపెట్టలేదని కాదు. జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు, అంటే రోగం నయం కాకపోయినా నొప్పి, బాధ తగ్గించే కేంద్రాలు పెట్టింది, "ఆలన" పేరుతో ఇళ్లకు వెళ్లే బండ్లు నడిపింది. చాలా రాష్ట్రాల కంటే ముందడుగు ఇది, మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. కానీ అమ్రాబాద్ నుంచి జిల్లా కేంద్రమైన నాగర్‌కర్నూల్ చాలా దూరం. జిల్లా కేంద్రం నుంచి బయల్దేరే బండి నల్లమల అంచున ఉన్న చెంచుల గూడేనికి ఎన్నిసార్లు వెళ్లగలదు? ఈ సేవ మండలానికి దిగాలి. 2008లోనే పాలియేటివ్ విధానం తెచ్చిన కేరళ, పంచాయతీల చేత ఇంటింటి నర్సింగ్ చేయిస్తోంది. మన పల్లె దవాఖానాలు చేయాల్సిన పనుల్లోనూ వృద్ధుల సంరక్షణ, పాలియేటివ్ సేవ ఉన్నాయి. కాగితం మీద.

కేరళను యథాతథంగా దించుకుంటే కుదరదని కూడా చెప్పాలి. పాలమూరు వలసల నేల. కొడుకూ కోడలూ హైదరాబాద్‌లో కూలి అడ్డా మీద ఉంటారు, ఊళ్లో ముసలావిడ ముసలాయన్ని చూసుకుంటుంది. ఇక్కడ ఇంటివాళ్లకు నేర్పితే చాలదు, సాయంగా ఓ మనిషిని పంపాలి. ఇక నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం లాంటి చోట్ల ఫ్లోరైడ్‌తో వెన్ను, కీళ్లు బిగుసుకుపోయిన మనుషులకు ఈ సేవ నెలల పాటు కాదు, దశాబ్దాల పాటు కావాలి. పాలియేటివ్ అంటే చావుకు దగ్గరైన క్యాన్సర్ రోగులకే అనుకోవడం వల్ల వీళ్లు లెక్కలోకే రావడం లేదు. కొడుకును ఎత్తి కూర్చోబెట్టే తల్లికి కూడా ఏటేటా వయసు మీద పడుతోంది.

ఇంకో సంగతి ఎవరూ మాట్లాడరు. "ఆయనకు చెప్పకండి సారూ" అని ఇంటివాళ్లు డాక్టర్‌ను బతిమాలుతారు. ప్రేమతోనే. కానీ ఆయనకు తెలిసిపోతూనే ఉంటుంది, ఎవరి మొహం చూసినా అర్థమవుతుంది. ఎవరికి ఎంత బాకీ ఉన్నాడో, పాస్‌బుక్ ఎవరి పేరున మార్చాలో, చిన్నకూతురి పెళ్లి ఎలాగో చెప్పకుండానే పోతాడు. ఈ మాటలు పలికించడం తెలిసిన మనిషి ఉంటే ఎన్ని ఇళ్లలో తర్వాతి గొడవలు తప్పేవో.

పోయాక మన ఊళ్లు దుఃఖాన్ని ఒంటరిగా వదలవు. మూడోనాడు పిట్టకు పెడతారు, పదకొండు దినాలు బంధువులు ఉంటారు, ఆడవాళ్లు గొంతెత్తి శోకాలు పెడతారు. అది గొప్ప ఆసరా. దినాలయ్యాక ఇల్లు ఖాళీ అవుతుంది. అప్పటిదాకా రాత్రీ పగలూ మంచం పక్కనే ఉన్న భార్యకు ఒక్కసారిగా చేయడానికి పని ఉండదు. ఇంకో ఆసుపత్రికి తీసుకుపోతే బతికేవాడేమో అన్న ఆలోచన తొలుస్తుంది. చికిత్సకు చేసిన అప్పు, దినాలకు చేసిన అప్పు కలిసి గుమ్మంలోకి వస్తాయి. ఉరి వేసుకున్న రైతు ఇంట్లో అయితే, "నేను గమనించలేకపోయానే" అన్న బాధ దీనికి తోడు. మానసిక సాయానికి 14416 టెలిమానస్ నంబర్ 2022 నుంచి ఉంది, తెలుగులో మాట్లాడతారు. కానీ దుఃఖంలో ఉన్న అరవై ఏళ్ల మనిషి తనంతట తాను ఫోన్ చేస్తుందని అనుకోలేం. ఎవరో వెళ్లాలి.

వెళ్లగలిగిన మనిషి ఊళ్లోనే ఉంది, ఆశా కార్యకర్త. బాలింత ఇంటికి ఏ రోజున వెళ్లాలో ఆమెకు లెక్క ఉంది. దినాలయ్యాక ఒకసారి, మూడు నెలలకు ఒకసారి, ఏడాదికి ఒకసారి చనిపోయినవాళ్ల ఇంటికి కూడా వెళ్లాలని ఆ లెక్కలో చేర్చాలి. పని పెరిగిన మేరకు పైసలూ పెంచాలి, ఊరికే నెత్తిన రుద్దకూడదు. మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. వాటి ఆసుపత్రుల్లో మార్ఫిన్ మాత్ర ఏడాది పొడవునా దొరకాలి, ఒక డాక్టర్, ఇద్దరు నర్సులు ఈ పని మీదే ఉండాలి, ఆర్‌ఎంపీ అయినా ఆశా అయినా అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎత్తాలి. జిల్లా కలెక్టర్లు వచ్చే ఆరోగ్య సమీక్షలో ప్రసవాల లెక్కతో పాటు, ఈ నెల మంచాన ఉన్నవాళ్లు ఎందరు, వారిలో ఎందరి ఇళ్లకు వెళ్లారు అని అడగడంతో మొదలుపెట్టవచ్చు.