“అన్నా, అక్కడ ఎలా ఉంది?” అని నన్ను అడిగినవాళ్ళందరికీ

ముందే చెప్తున్నా, ఇది పొడుగ్గా ఉంటుంది. ఓపిక లేనివాళ్ళు లైక్ కొట్టేసి వెళ్ళిపోండి, ఏమీ అనుకోను.

మొన్న ఆదివారం సత్తెనపల్లి నుంచి మా వీధి బాబాయ్ ఒకాయన ఫోన్ చేశారు. వాళ్ళబ్బాయికి టెక్సాస్‌లో ఎంఎస్ అడ్మిట్ వచ్చిందట, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) కూడా చేతికొచ్చిందట. “నువ్వు అయిదేళ్ళు ఉండొచ్చావు కదా నాన్నా, పంపించొచ్చా?” అని అడిగారు. ఒకప్పుడైతే “పంపించండి బాబాయ్, ఏం పర్లేదు” అని ఒక్క ముక్కలో తేల్చేసేవాణ్ణి. చాలామందికి అలాగే చెప్పాను కూడా. ఈసారి నోరు పెగల్లేదు. రెండు రోజులు టైమ్ అడిగి ఫోన్ పెట్టేశాను. ఈ పోస్టు ఆ రెండు రోజుల గోల.

కన్సల్టెన్సీలను తిట్టడం మనకు అలవాటు. వాడు వ్యాపారి, అడ్మిట్ అమ్ముకుంటాడు. చేపలమ్మేవాడు చేప కుళ్ళిందని ఎందుకు చెప్తాడు? కానీ వాడి ఆఫీసు ముందు కట్టిన ఫ్లెక్సీ మీద ఫోటోలు ఎవరివి? మావే. 2019లో దిల్‌సుఖ్‌నగర్‌లో నా మొహం కూడా ఒక ఫ్లెక్సీ ఎక్కింది, చేతిలో పాస్‌పోర్టుతో, పళ్ళన్నీ బయటపెట్టి. ఆ ఫ్లెక్సీ చూసి లోపలికి వెళ్ళినవాళ్ళకి నేనేం సమాధానం చెప్పాలి?

మా వీసా ఇంటర్వ్యూలు అప్పట్లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో జరిగేవి. కాన్సులేట్ నానక్‌రామ్‌గూడకి మారింది 2023లో. నాకు మాక్ ఇంటర్వ్యూలు చేయించిన సారు ఒక వాక్యాన్ని యాభై సార్లు వల్లె వేయించాడు: “చదువు అయ్యాక ఇండియాకి తిరిగొచ్చి ఇక్కడే ఉద్యోగం చేస్తాను.” వాళ్ళ చట్టంలో 214(బి) అని ఒక సెక్షన్ ఉంది. నువ్వు తిరిగి వెళ్తావని ఆఫీసర్‌కి నమ్మకం కుదరకపోతే ఆ సెక్షన్ కింద చీటీ చేతిలో పెట్టి పంపించేస్తారు. అందుకని క్యూలో ఉన్న మేమందరం అదే వాక్యం మనసులో అనుకుంటూ నిలబడ్డాం. ఒక్కడికీ తిరిగొచ్చే ఉద్దేశం లేదు. నన్ను నాలుగు ప్రశ్నలు అడిగారు, రెండు నిమిషాలు కూడా పట్టలేదు, వీసా వచ్చేసింది. తమాషా ఏంటంటే, ఆ రోజు నేను అబద్ధమని అనుకుంటూ చెప్పిన ఆ ఒక్క మాటే చివరికి నిజమైంది.

చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నాను కాబట్టి వీసా వచ్చాక వెళ్ళి 108 బాకీ తీర్చాను. హెచ్-1బి (అక్కడ ఉద్యోగం చేసుకునే వీసా) లాటరీకి కూడా అప్పుడే కలిపి మొక్కుకోవాల్సింది, తెలివి లేకపోయింది.

ఆ 2019 జనవరిలోనే మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గొడవ టీవీల్లో మోగిపోయింది. అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ వాళ్ళే ఒక దొంగ యూనివర్సిటీ పెట్టారు. పాఠాలు లేవు, పంతుళ్ళు లేరు. వల వేసి కూర్చున్నారు. పట్టుబడ్డవాళ్ళలో దాదాపు అందరూ మనవాళ్ళే, అందులో తెలుగువాళ్ళు చాలామంది. అంతకుముందు 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ మూతపడ్డప్పుడు మన పిల్లల కాళ్ళకి రేడియో ట్యాగులు తగిలించారు. మా ఇంట్లో ఈ వార్తలు చూసి “వాళ్ళు దొంగ కాలేజీలకి పోయారు, మనది అసలు యూనివర్సిటీ” అనుకున్నాం. నిజమే, మాది అసలుదే. అయితే క్లాసులు లేకపోయినా ఫీజు కట్టడానికి అంతమంది ఎందుకు సిద్ధపడ్డారో ఆలోచించారా? చదువు ఎవరికీ అక్కర్లేదు కాబట్టి. నేను వెళ్ళేముందు నన్ను అడిగిన ప్రశ్నలు గుర్తు చేసుకుంటే ఫీజు ఎంత, పార్ట్‌టైమ్ దొరుకుతుందా, అక్కడ మనవాళ్ళు ఉన్నారా, ఎన్నేళ్ళకి సెటిల్ అవుతావు. ఏం చదవబోతున్నావని అడిగినవాడు ఒక్కడూ లేడు. నన్ను నేను కూడా అడుక్కోలేదు.

చదువు విషయం చెప్పాలి, ఎందుకంటే దీని గురించి ఎవరూ మాట్లాడరు. మొదటి సెమిస్టర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ అసైన్‌మెంట్ ఇచ్చారు. బీటెక్‌లో నాలుగేళ్ళూ రికార్డులు పక్కవాడివి చూసి దించినవాణ్ణి, ఇక్కడా అదే చేశాను. సీనియర్ కోడ్ తీసుకుని వేరియబుల్ పేర్లు మార్చి ఇచ్చేశాను. కోడ్‌లో పోలికలు పట్టే మాస్ అనే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది, పేర్లు మారిస్తే దానికి లెక్కే లేదు. ప్రొఫెసర్ నన్ను తన గదికి పిలిచాడు. ఆయన అరవలేదు. రెండు ప్రింట్లు పక్కపక్కన పెట్టి, ఒక పెన్సిల్ నా ముందుకు తోసి, “ఈ పదమూడో లైన్ ఏం చేస్తుందో నాకు చెప్పు” అన్నాడు. చెప్పలేకపోయాను. ఇరవై నిమిషాలు ఆ గదిలో కూర్చున్నాను, జీవితంలో అంత సిగ్గుపడ్డ రోజు లేదు. ఆ అసైన్‌మెంట్‌కి సున్నా వేసి, ఇంకోసారి జరిగితే రిపోర్టు చేస్తానని చెప్పి పంపించాడు. రిపోర్టు అయితే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ కాళ్ళు వణుకుతాయి. సస్పెండ్ చేస్తే వీసా స్టేటస్ కూడా పోతుంది కదా.

ఆ తర్వాత ఆయన దగ్గరే ఇంకో రెండు కోర్సులు తీసుకున్నాను. నేను నిజంగా ఇంజనీరునయ్యింది ఆ మూడు కోర్సుల్లోనే. ఈ రోజు హైదరాబాద్‌లో నాకు తిండి పెడుతున్నది అదే. అక్కడి చదువు దండగ అని నేను అనను, అననివ్వను కూడా. నా బాధ వేరే. ఆ కోర్సులకి వారానికి ముప్పై గంటలు కావాలి. నాకు ఆ ముప్పై గంటలు ఎక్కడివి?

రూలు ప్రకారం సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు మాత్రమే పనిచేయాలి. బయట చేయకూడదు. క్యాంపస్‌లో డైనింగ్ హాల్లో గిన్నెలు కడిగే ఉద్యోగానికి కూడా వందల మంది అప్లై చేసేవాళ్ళు. నాకు రాలేదు. ఇంట్లో చూపించిన ఫండ్స్ సంగతి మీకు తెలిసిందే, ఐ-20 కోసం అకౌంట్‌లో కొన్నాళ్ళు పడుకుని వెళ్ళిపోయిన డబ్బు. రెండో సెమిస్టర్ నుంచి అద్దె నేనే చూసుకోవాలి. అలా ఒక గ్యాస్ స్టేషన్‌లో చేరాను. మనవాళ్ళదే. గంటకి 8 డాలర్లు, చేతికి. శుక్ర, శని, ఆదివారాలు రాత్రి షిఫ్టు.

ఆ స్టోర్‌లో వెనకాల వాక్-ఇన్ కూలర్ ఉంటుంది. గది మొత్తం ఫ్రిజ్ అన్నమాట. లోపల నిలబడి బీరు డబ్బాలు అరల్లోకి తోస్తుంటే అవతల కస్టమర్లు గాజు తలుపు తీసి తీసుకుంటారు. వాళ్ళ చేతులు నాకు కనిపిస్తాయి, నేను వాళ్ళకి కనిపించను. ఒక రాత్రి టై కట్టుకున్న మనిషి ఒకడు కౌంటర్ దగ్గరికొచ్చి ఓనర్ ఉన్నాడా అని అడిగాడు. ఎవరో తనిఖీకి వచ్చారని నాతో పనిచేసే కుర్రాడు సైగ చేశాడు. నేను కూలర్లోకి దూరిపోయి పాల డబ్బాల వెనక కూర్చున్నాను. హుడీ కూడా వేసుకోలేదు. అరగంటకి ఆ కుర్రాడొచ్చి తలుపు తీస్తే నా వేళ్ళు మడత పడట్లేదు. ఇంతా చేస్తే వచ్చినవాడు ఇన్సూరెన్స్ అమ్ముకునేవాడు.

కోవిడ్‌లో మా క్లాసులన్నీ ఆన్‌లైన్ అయ్యాయి, గ్యాస్ స్టేషన్ మాత్రం తెరిచే ఉంది. 2020 జులై 6న, క్లాసులు పూర్తిగా ఆన్‌లైన్‌లో ఉన్న విదేశీ విద్యార్థులు దేశంలో ఉండటానికి వీల్లేదని ఇమ్మిగ్రేషన్ వాళ్ళు ప్రకటించారు. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెక్కితే 14న వెనక్కి తీసుకున్నారు. ఆ ఎనిమిది రోజులూ నలుగురు రూమ్మేట్లం సూట్‌కేసులు సర్దాలా వద్దా అని వాటి వంక చూస్తూ గడిపాం. ఇంట్లో మాత్రం “ఏం లేదమ్మా, టీవీ వాళ్ళు ఊరికే హడావుడి చేస్తారు” అన్నాను.

ఇప్పుడు అసలు నేరానికి వస్తున్నా. ఆ డిసెంబర్లో ఒక శనివారం మధ్యాహ్నం రూమ్మేట్ జాకెట్ అడిగి వేసుకుని, డాలస్ డౌన్‌టౌన్‌లో రీయూనియన్ టవర్ కనిపించేలా ఫోటో దిగి పోస్ట్ చేశాను. మూడొందల లైకులు. అదే రాత్రి షిఫ్టులో ఉండగా మా ఊరి తమ్ముడొకడు వాట్సాప్ కాల్ చేశాడు. వాడప్పుడు బీటెక్ ఫైనలియర్. “అన్నా, ఫోటో కేక. అక్కడ ఎలా ఉంది? పార్ట్‌టైమ్ దొరుకుద్దా?” నేను కూలర్లో ఉన్నాను, ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో బీరు డబ్బాల అట్టపెట్టె. “దొరుకుద్ది రా. మొదటి సెమ్ కాస్త కష్టం, తర్వాత అంతా సెట్ అయిపోద్ది. వచ్చెయ్” అన్నాను.

ఎందుకన్నాను? వాడు నన్ను అన్నా అని పిలుస్తున్నాడు, ఊళ్ళో నా గురించి గొప్పగా చెప్పుకుంటున్నారు. “నేను ఫ్రిజ్‌లో నిలబడి మాట్లాడుతున్నా రా” అని చెప్తే రేపు మా నాన్న బడికి ఎలా వెళ్తాడు? ఆయన పిల్లలకి లెక్కలు చెప్పే మాస్టారు. ఇల్లు తాకట్టు పెట్టి నన్ను పంపించాడు. ఆ లెక్క తప్పిందని నా నోటితో ఊళ్ళో తెలియకూడదనుకున్నాను. అంతే కారణం. పరువు.

వాడు 2022 ఫాల్‌కి వచ్చాడు. 2024లో డిగ్రీ అయింది, ఓపీటీ (చదువయ్యాక కొన్నాళ్ళు ఉద్యోగం చేసుకునే పర్మిషన్) మొదలైంది. ఓపీటీలో మొత్తం మీద 90 రోజులకి మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఎనభయ్యో రోజున నాకు ఫోన్ చేశాడు. అప్పటికి నేను ఇండియా వచ్చేశాను. కోపంగా మాట్లాడి ఉంటే బాగుండేది. “నువ్వు అప్పుడు కొంచెం చెప్పి ఉండాల్సింది కదన్నా” అన్నాడు, అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా. వాడి సంగతి ఇంకా రాయను, అది వాడి కథ.

నా సంగతి మీకు తెలుసు. ఉద్యోగం వచ్చింది, ఓపీటీ ఒక ఏడాది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) డిగ్రీ కాబట్టి ఇంకో రెండేళ్ళు. మూడు మార్చిలు కంపెనీ వాళ్ళు హెచ్-1బి లాటరీలో నా పేరు వేశారు, మూడుసార్లూ తగల్లేదు. ఏడాదికి ఇచ్చేవి 85 వేలు, అందులో 20 వేలు అక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకి. 2023 మార్చిలో వచ్చిన రిజిస్ట్రేషన్లు 7.8 లక్షలు! సగానికి పైగా ఒకే మనిషి పేరు మీద రెండు మూడు కంపెనీలు కలిసి వేయించినవి. అలా వేసిన చిన్న చిన్న కంపెనీల్లో మనవాళ్ళవి ఎన్నో చెప్పాలా? మరుసటి ఏడాది నుంచి మనిషికి ఒకటే లెక్క అన్నారు, అప్పటికి నాకు మిగిలింది ఒక్క ఛాన్స్. 2025 సెప్టెంబర్లో దేశం బయటి నుంచి కొత్తగా పిలిపించుకునే హెచ్-1బికి లక్ష డాలర్ల ఫీజన్నారు. అంటే నాలాగా ఒకసారి ఇటు వచ్చేసినవాణ్ణి మళ్ళీ ఏ కంపెనీ పిలుస్తుంది?

నన్ను చూసి జాలిపడకండి. మా గదిలో నలుగురిలో నేనే నయం. తీసుకున్న అప్పు 28 లక్షలు, వడ్డీతో కలిపి కట్టింది 37 లక్షలు. అక్క పెళ్ళికి పంపింది పోగా అయిదేళ్ళకి చేతిలో మిగిలింది 14 లక్షలు. నాతో బీటెక్ చేసి హైదరాబాద్‌లోనే ఉండిపోయినవాళ్ళకి అప్పటికే గచ్చిబౌలి దగ్గర ఫ్లాటూ, దాని ఈఎంఐ ఉన్నాయి. ఎవరు బాగుపడ్డట్టు? నాకే తెలీదు. కాకపోతే నేను వెళ్ళినప్పుడు డాలర్ 71 రూపాయలు, 2025 చివర్లో 90 దాటింది. నా లెక్కలు చూసుకుని ఇప్పుడు బయల్దేరితే కుదరదు.

“నువ్వు కడుపు నిండా తినొచ్చి మాకు పథ్యం చెప్తావా” అని కామెంట్లలో అడుగుతారు, తెలుసు. వెళ్ళొద్దని ఎక్కడన్నాను? 2024–25లో అమెరికాలో ఉన్న మన దేశపు విద్యార్థులు 3.63 లక్షలు, వాళ్ళందరూ తెలివితక్కువవాళ్ళా? వెళ్ళండి. ఏ ప్రొఫెసర్ ఏం చెప్తాడో చూసుకుని, లాటరీ తగలకపోయినా ఇంటికొచ్చి తీర్చగలిగినంత అప్పు చేసి వెళ్ళండి. నా గొడవ మాలాంటి సీనియర్లతో. ఒరేయ్, పెట్టే ఫోటో పెట్టుకోండి. ఫోన్ చేసి అడిగిన తమ్ముడికి మాత్రం అద్దె ఎవరు కడుతున్నారో, ఎన్ని గంటలు నిద్రపోతున్నారో చెప్పండి. మీ నాన్న పరువు వాడి నాన్న ఇంటి పత్రాల కంటే ఎక్కువేం కాదు.

సరే, బాబాయ్ సంగతి. నిన్న రాత్రి ఫోన్ చేసి గంటసేపు అన్నీ చెప్పాను. కూలర్ కూడా చెప్పాను. ఆయన ఊఁ కొడుతూ విన్నారు. మాటల మీద నమ్మకం కుదరదేమోనని, అయిదేళ్ళ లోన్ స్టేట్‌మెంట్ పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపించాను, ఏ నెల ఎంత వడ్డీ పడిందో ఎర్ర గీతలు గీసి మరీ. పొద్దున్నే ఫోన్ చేశారు.

“చూశాను నాన్నా, మొత్తం చూశాను. చివరి పేజీలో క్లోజ్డ్ అని ఉంది కదా, తీర్చేశావన్నమాట! ఇంతకీ ఇది ఏ బ్రాంచిలో ఇచ్చారు? మేనేజర్ మనకి తెలిసినవాడేనా?”