షోయ్‌బ్లె మరిచిన లెక్క

1990 అక్టోబరు 3న రెండు జర్మనీలు ఒకటయ్యాయి. ఆ విలీన ఒప్పందాన్ని పశ్చిమ జర్మనీ తరఫున కుదిర్చిన హోం మంత్రి వోల్ఫ్‌గాంగ్ షోయ్‌బ్లె మీద తొమ్మిది రోజులకే, ఒపెనావ్ అనే చిన్న ఊళ్లో ఎన్నికల సభ దగ్గర ఒక మానసిక రోగి కాల్పులు జరిపాడు. నడుము కింది భాగం చచ్చుబడింది. అయినా మూడు నెలలు తిరక్కుండానే చక్రాల కుర్చీలో మళ్లీ విధుల్లోకి వచ్చారు. 1972లో పార్లమెంటులో అడుగుపెట్టి 2023 డిసెంబరులో కన్నుమూసే దాకా ఎంపీగానే ఉన్నారు. జర్మనీలో మరెవరూ అంతకాలం సభలో లేరు.

మాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా గొప్ప రోజు 1991 జూన్ 20. ప్రభుత్వం పశ్చిమ జర్మనీ రాజధానిగా ఉన్న బాన్‌లోనే ఉండాలా, తూర్పున ఉన్న బెర్లిన్‌కు తరలాలా అన్నది చర్చ. బాన్ పక్షం వాళ్లు ఖర్చులు ఏకరువు పెట్టారు. ఇది రెండు ఊళ్ల తగువు కాదు, జర్మనీ భవిష్యత్తు అన్నది షోయ్‌బ్లె వాదన. ప్రసంగం అయ్యాక ప్రత్యర్థి పార్టీ పెద్ద విల్లీ బ్రాంట్ స్వయంగా వచ్చి చెయ్యి కలిపారు. 338–320 ఓట్లతో బెర్లిన్ గెలిచింది.

అలాంటి మనిషి అప్పుల ఊబిలో పడ్డ గ్రీసు విషయంలో మాత్రం లెక్కల పుస్తకం మూయలేదు. ఆయన 2009 నుంచి 2017 దాకా ఆర్థిక మంత్రి. గ్రీసు తన లోటును దాచి తప్పుడు లెక్కలు చూపింది, నిజమే. కానీ సాయానికి పెట్టిన పొదుపు షరతులతో అక్కడ నిరుద్యోగం 27 శాతం దాటాక కూడా ఆయన మెత్తబడలేదు. 2015 జులైలో అయితే, గ్రీసు ఐదేళ్ల పాటు యూరో నుంచి బయట ఉండొచ్చన్న ప్రతిపాదన ఆయన శాఖ నుంచే వచ్చింది. తూర్పు జర్మనీ సొంత మనుషులు, గ్రీకులు పరాయివాళ్లు అనుకుంటే సరిపోతుందేమో! కానీ ఐరోపా ఒక్కటి కావాలని జీవితాంతం చెప్పిన నాయకుడికి ఆ తేడా తగదు.

సొంత పార్టీ లెక్క దగ్గరా ఆయన తడబడ్డారు. ఆయుధ వ్యాపారి ఒకరి నుంచి లక్ష మార్కుల విరాళం తీసుకున్నట్టు ఒప్పుకొని 2000లో పార్టీ అధ్యక్ష పదవి వదులుకున్నారు. ఆ కుర్చీలోకి అంగెలా మెర్కెల్ వచ్చారు. ఛాన్సలర్ కావాలన్న ఆశ అక్కడితో ఆగిపోయింది. తర్వాత ఛాన్సలర్ అయిన ఆమె మంత్రివర్గంలోనే పన్నెండేళ్లు పనిచేశారు. రాజకీయాల్లో అంత దిగమింగడం చిన్న విషయం కాదు.

2014లో కొత్త అప్పు లేకుండా బడ్జెట్ ముగించారు. 1969 తర్వాత అదే మొదటిసారి. దాన్ని జర్మన్లు ‘నల్ల సున్నా’ అన్నారు. 2017లో ఆయన శాఖ వదిలివెళ్లేటప్పుడు ఉద్యోగులు నల్ల బట్టలు వేసుకొని ప్రాంగణంలో సున్నా ఆకారంలో నిలబడ్డారు. ఎనిమిదేళ్లయినా నిండక ముందే, 2025 మార్చిలో, జర్మనీ రాజ్యాంగాన్ని సవరించి రోడ్లు, రైళ్లు, వంతెనల వంటి వాటికి 50,000 కోట్ల యూరోల అప్పుకు దారి తెరిచింది. ఆ సవరణకు పట్టుబట్టింది షోయ్‌బ్లె పార్టీ నాయకుడే అయిన ఫ్రీడ్రిక్ మెర్ట్స్. 2018లో పార్టీ పగ్గాలు ఆయనకే దక్కాలని బాహాటంగా కోరింది షోయ్‌బ్లెనే.