అంచు చూడ్డం, వడ్డీ కట్టడం

ఉగాది నాడు ఒడిశాలోని మన తెలుగు సంఘం హాల్లో విద్యార్థి వేతనాలిచ్చే దగ్గర జరిగింది పత్రికకెక్కించొద్దని మిత్రులు అన్నారు. సంఘం పరువు పోతుందట. ఆ రోజు మైకులో పోయినదానికంటే ఇప్పుడు పోయేది ఎక్కువేం ఉండదులెండి.

రానివాళ్ళ కోసం చెబుతాను. నేతవారి వీధి పిల్ల ఒకతి, డిగ్రీ రెండో ఏడు, దరఖాస్తు పెట్టినవాళ్ళందరిలోకీ మార్కులు ఎక్కువ. కొత్త విద్యావిధానంలో తన సబ్జెక్టు కాని కోర్సొకటి ఎంచుకోమంటే ఫైన్ ఆర్ట్స్ అప్రిసియేషన్, అంటే కళల్ని చూసి అర్థం చేసుకునే చదువు, తీసుకుంది. వేదిక మీద పెద్దాయన అది చదివి, "ఇదేటమ్మా, బొమ్మలు చూడ్డానిక్కూడా కాలేజీకెళ్ళాలా? ఫైనాన్స్ తీసుకుంటే నాలుగు డబ్బులొస్తాయి కదా" అన్నారు. హాలంతా నవ్వింది. ఆ పిల్లా నవ్వింది, ఏం చేస్తుంది మరి! కవరు మాత్రం చేతికి రాలేదు. ఈ ఏడు ఫారంలో కొత్తగా చేర్చిన ‘ఉపాధికి పనికొచ్చే కోర్సు’ అన్న గడి అడ్డొచ్చింది.

ఇంత రభస ఎంత చదువు గురించో చూడండి. విశ్వవిద్యాలయాలకి నిబంధనలు పెట్టే యూజీసీ 2022లో ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు. ఇలాంటి కోర్సు ఒక్కోటీ 3 క్రెడిట్లు, అంటే 45 గంటల పాఠం. నలభయ్యో వంతు. మిగతా ముప్ఫైతొమ్మిది వంతులూ ఆ పిల్ల ఏం చదువుతోందో ఎవరూ అడగలేదు.

మా మేనమామ బరంపురంలో పట్టుచీరలు నేసేవాడు. నా చిన్నప్పుడు సెలవులకి వెళితే మగ్గం గుంట పక్కనే నా చాప. చీర దిగిన రోజు మావయ్య దాన్ని భుజానేసుకుని షావుకారు దగ్గరికి బయల్దేరితే నేనూ వెంటపడేవాణ్ణి. షావుకారు గుమ్మం దగ్గరికి, వెలుతురులోకి వచ్చి కూర్చునేవాడు. చీర ముఖం చూసేవాడు కాదు, తిరగేసి వెనక వైపు చూసేవాడు. అంచులో గుడి శిఖరాల్లా లేచే కుంభాల మీద బొటనవేలి గోరు పెట్టి మెల్లగా లాక్కుంటూ పోయేవాడు. ఎక్కడో ఒకచోట గోరు ఆగేది. "ఇక్కడ కుంభం ఒరిగింది" అనేవాడు. మావయ్య మొహం తిప్పుకునేవాడు. ఒరిగిందని మావయ్యకీ తెలుసు, ఇంట్లో అత్తయ్యతో ఆ మాటే అని వచ్చాడు. ధర తగ్గేది.

ఆ తర్వాత ఖాతా పుస్తకం వచ్చేది. పట్టునూలు అరువు, దానిమీద నెలకి నూటికి రెండు రూపాయలు. "రెండే కదా" అనేవాడు మావయ్య. నెలకి రెండంటే ఏడాదికి ఇరవైనాలుగు. కట్టని వడ్డీని అసల్లో కలుపుకుంటూ పోతే మూడేళ్ళకి అప్పు రెట్టింపు. ఈ లెక్క మావయ్యకి ఎవరూ చెప్పలేదు, షావుకారుకి చెప్పక్కర్లేదు. ఆ గుమ్మంలో అంచూ వడ్డీ రెండూ తెలిసినవాడు ఒక్కడే. మేడ కట్టిందీ అతనే. మన పెద్దలు ఆ మేడను చూసి ఖాతా పుస్తకం ఒక్కటే గుర్తు పెట్టుకున్నారు, గోరుని మర్చిపోయారు.

ఫైనాన్స్ వద్దని నేననను. మన వీధుల్లో చీటీ కట్టని ఇల్లు ఏది? 1982 చట్టం కింద రిజిస్టరైన చీటీ వేరు, ఒకరి డబ్బు ఇంకొకరికిచ్చి లాభమని చూపించే గొలుసు స్కీము వేరు. రెండోదాన్ని 1978లోనే నిషేధించారు. చీటీ నడిపేవాడి కమిషన్ ఏడు శాతం దాటకూడదు. బ్యాంకు మునిగితే డిపాజిట్‌కి బీమా అయిదు లక్షల వరకే. ఇవి తెలియక ఒడిశాలో ఎన్ని కుటుంబాలు గుల్లయ్యాయో మనందరికీ తెలుసు. 45 గంటల్లో ఇవి నేర్పితే మంచిదే, ఇంటర్లోనే నేర్పితే ఇంకా మంచిది.

కానీ ఆ పిల్ల ఎంచుకున్నదాంట్లో ఏముందో కూడా అడగాలి కదా. పర్లాకిమిడి దాటి వంశధార ఒడ్డున శ్రీముఖలింగం ఉంది. మనం వెళ్ళేది మొక్కు తీర్చుకోడానికి, పులిహోర పొట్లం విప్పుకోడానికి. అక్కడి సోమేశ్వరాలయం ముందు మండపం లేదు, గర్భగుడి మీద నిలువుగా లేచిన శిఖరం ఒక్కటే. భువనేశ్వర్‌లో చూసే కళింగ పద్ధతే అది. గుడి ఆంధ్రలో ఉంది, కట్టడం తీరు ఇటు ఒడిశాది. మనమెవరం, ఎటువైపువాళ్ళం అని ఏటా ఉపన్యాసాలిచ్చుకునే మనకి ఆ రాళ్ళు చదవడం వచ్చిన పిల్ల ఒకతి దొరికితే మైకులో నవ్వామా? బరంపురం జాతర ఠాకురాణి యాత్రలో అమ్మవారు పుట్టింటికొచ్చేది నేతవారి వీధికే. ఆ వేషాలూ ఆ రంగులూ పుట్టినప్పట్నుంచీ చూసిన పిల్లకి వాటి గురించి పద్ధతిగా మాట్లాడడం నేర్పితే తప్పేంటి? కుంభం అంచు బరంపురం పట్టుకి జి.ఐ. గుర్తింపు, అంటే ఇది ఆ ఊరి సరుకేనన్న ముద్ర, వచ్చింది. అసలుదీ నకిలీదీ తేడా చెప్పగలిగిన మనిషి రేపు చీర అమ్మడానికి పనికిరాదా?

ఇంకో మాట, కోపం వచ్చినా సరే. మన ఆడపిల్లల చేత కూచిపూడి చేయించేది వంట పూర్తయ్యేదాకా జనం కదలకుండా ఉండడానికి. వడ్డన మొదలైందని కబురొస్తే తిల్లానా మధ్యలోనే కుర్చీలు ఖాళీ. ఆ పెద్దాయన మనవరాలే ఈసారి నాట్యం చేసింది. చప్పట్లు కొట్టడానికి ముందు వరసలో నలుగురం మిగిలాం.

వచ్చే సర్వసభ్య సమావేశంలో నేను పెట్టబోయే తీర్మానం చిన్నది. ఫారంలో ఆ గడి కొట్టేయాలి. పిల్లలు ఒక సెమిస్టర్ లెక్కల వైపు కోర్సు, ఒక సెమిస్టర్ కళల వైపు కోర్సు చదివితే ఆ రెండు పుస్తకాల ఖర్చూ సంఘం పెట్టుకోవాలి. బ్యాంకుల్లో రిటైరైన సభ్యులు మనకి చాలామంది ఉన్నారు, ఆదివారం పూట చీటీలూ వడ్డీలూ వాళ్ళు చెప్పొచ్చు. ఆపిన కవరు ఆ పిల్ల ఇంటికి తీసుకెళ్ళి ఇవ్వాలి, మళ్ళీ వేదిక ఎక్కించి కాదు. సమర్థించే చేతులు కావాలి, ఆ రోజు భోజనాలకి ముందే రండి.