మూసుకోని నాళం: మందు వెయ్యాలా, వేచి చూడాలా?

వాది: కడుపులో ఉన్నన్నాళ్లూ ఊపిరితిత్తుల ధమనిని బృహద్ధమనితో కలిపే డక్టస్ నాళం, నెలలు నిండి పుట్టిన బిడ్డలో సాధారణంగా రెండు మూడు రోజుల్లో ముడుచుకుపోతుంది. 28 వారాలకు ముందే పుట్టిన పసికందుల్లో చాలామందికి, ఒంట్లో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాల ప్రభావం వల్ల అది తెరుచుకునే ఉంటుంది. ఒంటికి అందవలసిన రక్తం ఊపిరితిత్తుల్లోకి మళ్లుతుంటే, బిడ్డను వెంటిలేటర్ నుంచి తప్పించలేకపోతుంటే, ఆ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకునే ఐబుప్రొఫెన్ ఉండి కూడా చూస్తూ ఊరుకోవడం న్యాయమేనా?

ప్రతివాది: నాళం మూసుకోవడం వేరు, బిడ్డ బాగుపడటం వేరు. మందుతో నాళం మూసుకునే అవకాశం పెరుగుతుందన్నది నిజమే. అయితే 2023లో వెలువడిన బెనెడక్టస్ అధ్యయనంలో మరణం, పేగుల కణజాలం చచ్చిపోయే జబ్బు, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, వీటిలో ఏదో ఒకటి తొలిరోజుల్లోనే ఐబుప్రొఫెన్ ఇచ్చిన శిశువుల్లో 63.5 శాతం మందికి ఎదురైతే, మందు లేకుండా కనిపెట్టుకుని ఉన్నవారిలో 46.3 శాతం మందికే ఎదురైంది. మరుసటి ఏడాది వచ్చిన బేబీ ఆస్కార్ పరిశోధనలోనూ ఐబుప్రొఫెన్ వల్ల మరణాలు గానీ ఊపిరితిత్తుల జబ్బు గానీ తగ్గలేదు.

వాది: బేబీ ఆస్కార్‌లో ఉత్తుత్తి మందు పొందిన శిశువుల్లో కొందరికి, వైద్యులు తర్వాత అసలు చికిత్స చేయక తప్పలేదు; దాంతో రెండు గుంపుల మధ్య తేడా మసకబారి ఉండొచ్చు. పైగా అక్కడ ఎంపిక చేసుకున్నది 1.5 మిల్లీమీటర్లు, అంతకు మించిన నాళాలను. వెడల్పు ఒక్కటే చూస్తే భారం తెలియదు. గుండె వదులయ్యే క్షణంలో బృహద్ధమనిలో రక్తం వెనక్కి పారడం ఎకోలో, అంటే గుండె స్కాన్‌లో, కనబడిందంటే, పేగులకూ మూత్రపిండాలకూ రక్తం చాలడం లేదన్నమాట.

ప్రతివాది: ఐబుప్రొఫెన్ దెబ్బ పడేదీ ఆ మూత్రపిండాలు, పేగుల మీదే కదండీ! మూత్రం తగ్గుతుంది, మూత్రపిండాలు వడపోయాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరుగుతుంది. అదే కోవకు చెందిన ఇండోమెథాసిన్ మందుకు స్టెరాయిడ్ తోడైతే పేగుకు రంధ్రం పడే ముప్పు ఉంది. 2001 నాటి టిప్ పరిశోధనలో ముందుజాగ్రత్తగా ఇచ్చిన ఇండోమెథాసిన్ మెదడులో తీవ్ర రక్తస్రావాన్ని తగ్గించింది, కానీ 18 నెలల వయసుకు వైకల్యం లేకుండా బతికి ఉన్నవారి సంఖ్యను పెంచలేకపోయింది.

వాది: నాళాన్ని మూయడానికి, మూత్రపిండాలను అంతగా బాధించని పారాసిటమాల్ ఉంది.

ప్రతివాది: ఉంది. అయినా మూడో రోజు ఎకోలో నాళం కనబడిందని, దానంతటదే మూసుకోగలిగిన బిడ్డకు కూడా మందు ఎక్కించడాన్ని నేను ఒప్పుకోను. పది రోజులు దాటినా వెంటిలేటర్ వదలలేక, బృహద్ధమనిలో రక్తం వెనక్కి పారుతున్న బిడ్డకైతే ఇవ్వమనే అంటాను.

వాది: అప్పటికి మందు పనిచేసే అవకాశమే తగ్గిపోతుందండీ. నా భయమంతా అదే.