బాండుకు రంగేస్తే వడ్డీ తగ్గదు

2024 మే 31న రిజర్వ్ బ్యాంకు కేంద్రం తరఫున 6,000 కోట్ల రూపాయల గ్రీన్ బాండ్లను, అంటే సోలార్ లాంటి పర్యావరణ పనుల కోసమని చేసే అప్పు పత్రాలను, వేలానికి పెట్టి, వచ్చిన బిడ్లన్నిటినీ తిప్పి పంపేసింది. కొనేవాళ్లు అడిగిన వడ్డీ గిట్టుబాటు కాలేదన్నమాట. 2023 జనవరిలో మొదటి వేలం జరిగినప్పుడు ఎంత హడావుడి! మామూలు ప్రభుత్వ బాండు కన్నా వందకు అయిదారు పైసలు తక్కువ వడ్డీకి అప్పు పుట్టిందని, దానికి ‘గ్రీనియం’ అని పేరు చెప్పుకుని మరీ సంబరపడ్డాం.

ఆ అయిదారు పైసలు నిలవకపోవడంలో వింతేమీ లేదు. కేంద్రం అమ్మే గ్రీన్ బాండుకు పూచీ ఖజానాయే, సోలార్ ప్లాంటు కాదు. మామూలు బాండుకూ అదే ఖజానా పూచీ. ఒకే ఆసామికి ఇచ్చే అప్పు మీద, పత్రం రంగు చూసి వడ్డీ ఎవడు తగ్గించుకుంటాడు?

సోలార్ ప్లాంటుకు అప్పిచ్చేవాడు చూసేది ఒక్కటే. ఆ కరెంటు కొన్నవాడు డబ్బు కడతాడా లేదా? 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పవన, సౌర విద్యుత్ ఒప్పందాలను తిరగదోడిన కథ పాఠకులకు తెలిసిందే. ఒప్పందంలో ఉన్న రేటే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు తేల్చేదాకా కంపెనీలు సగం సగం బిల్లులతో నెట్టుకొచ్చాయి. రేట్లు ఎక్కువన్న వాదనలో నిజం ఉండొచ్చు గాక, సంతకం చేసిన కాగితానికి విలువ లేదని ఒకసారి తెలిశాక అప్పిచ్చేవాడు ఆ భయానికి కూడా వడ్డీ వేస్తాడు. అయిదారు పైసల గ్రీనియం దాని ముందు ఏ మూలకు?

అందుకే నాకు ఢిల్లీ బాండు కన్నా మధ్యప్రదేశ్‌లోని ఇండోర్ నగరం బాండు మీద గురి. ఆ ఊరికి నర్మద నీళ్లు జలూద్ దగ్గర్నుంచి పంపులతో ఎత్తి తేవాలి. ఆ కరెంటు బిల్లు కార్పొరేషన్ నడ్డి విరుస్తూ వచ్చింది. 2023 ఫిబ్రవరిలో వాళ్లు అక్కడే 60 మెగావాట్ల సోలార్ ప్లాంటు పెడతామని చెప్పి, 8.25 శాతం వడ్డీతో బాండ్లను నేరుగా జనం ముందుకు తెచ్చారు. 122 కోట్లకు పిలిస్తే 720 కోట్లకు దరఖాస్తులొచ్చాయి. చివరికి 244 కోట్లు తీసుకున్నారు. ఇందులో కిటుకు చూడండి. కరెంటు తయారుచేసేదీ, వాడుకునేదీ ఒక్కరే. మధ్యలో కరెంటు కొని పంచుతూ బిల్లు ఎగ్గొట్టే డిస్కం లేదు. ఆదా అయిన కరెంటు ఖర్చే అప్పు తీర్చే డబ్బు. ‘గ్రీన్’ అన్న ముద్ర తీసేసినా ఆ లెక్క నిలబడుతుంది.

ఇంత పెద్ద దేశానికి ఊరి బాండ్లు ఏ మూలకు సరిపోతాయి, 2030కల్లా బొగ్గు, చమురు కాల్చని కరెంటు 500 గిగావాట్లు కావాలంటే విదేశీ నిధులు రావాలి, వాటికి గ్రీన్ ముద్రా, ఖర్చు లెక్కల నివేదికలూ తప్పవు అంటారు. ఒప్పుకుంటాను. కానీ విదేశీ ఫండ్లు కూడా చివరికి అడిగేది డిస్కం బాకీల గురించే.

మరి మన నగరాలేం చేస్తున్నాయి? హైదరాబాద్ తాగేది కూడా ఎత్తిపోసిన నీళ్లే. కృష్ణ నీళ్లు నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి వందకు పైగా కిలోమీటర్లు వస్తాయి. పంపుల బిల్లు మనకూ తక్కువేం కాదు. అప్పు చేయడం రాక కాదు. 2018లో జీహెచ్ఎంసీ 8.9 శాతానికి 200 కోట్లు తెచ్చింది, ఫ్లైఓవర్లూ రోడ్ల పథకం కోసం. అదే ఏడాది విశాఖ కార్పొరేషన్ 10 శాతానికి 80 కోట్లు తెచ్చింది.

విశాఖ అప్పు దగ్గర కాస్త ఆగాలి. అప్పటికి అక్కడ పాలకవర్గమే లేదు. 2012లో గడువు ముగిస్తే మళ్లీ ఎన్నికలు జరిగింది 2021లో. తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. ఊరి పేరు మీద అప్పు పుట్టింది, దాన్ని ప్రశ్నించడానికి ఒక్క కార్పొరేటర్ కూడా లేడు. ఇండోర్‌లో బాండ్లు అమ్మడానికి ఏడు నెలల ముందే కార్పొరేషన్ ఎన్నికలయ్యాయి. రేపు సోలార్ ప్లాంటు సరిగ్గా పనిచేయకపోతే నిలదీయడానికి అక్కడ మేయరున్నాడు. మున్సిపల్ ఎన్నికలను ఏళ్లకేళ్లు వాయిదా వేసే అలవాటున్న మన రెండు రాష్ట్రాల్లో, ఊరి పేరు మీద బాండు కొనమని మధ్యతరగతి మనిషిని అడిగితే అతను మొదట అడిగేది వడ్డీ ఎంతని కాదు, జవాబు చెప్పేదెవరని.