గేట్లు ఎప్పుడు ఎత్తుతారో ఒడ్డున ఉన్నవాళ్లకు తెలియాలి

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొస సిరొంచ. ఆఫీసుల్లో మరాఠీ, చాలా ఇళ్లలో తెలుగు. ఎదుటి ఒడ్డున కాళేశ్వరం, మధ్యలో ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు. వంతెన లేని రోజుల్లోనూ పడవ మీదే ఇటు పిల్లను అటు ఇచ్చారు, అటు పిల్లను ఇటు తెచ్చుకున్నారు. ఈ రెండు ఒడ్డుల మధ్య పాత పగ ఏదీ లేదు. ఉన్న కొత్త చిచ్చు గోదావరి మీద తెలంగాణ కట్టిన మేడిగడ్డ బ్యారేజీ.

బ్యారేజీలో 100 మీటర్ల నీటిమట్టానికి రెండు రాష్ట్రాలూ 2016 ఆగస్టులో ఒప్పుకున్నాయి. 2019 జూన్‌లో బ్యారేజీ మొదలైంది. 85 గేట్లు, 16.17 టీఎంసీలు. ఎత్తిపోసే నీళ్లు తెలంగాణకు, బ్యాక్‌వాటర్ భయం సిరొంచ చేలకు. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరింది. ఆ వరదలో చేలు మునగడానికి బ్యారేజీయే కారణమని ముంపు రైతులు, కాదు, వచ్చిందే అంత వరదని ఇంజినీర్లు. ఇది తేలాలంటే రెండు వైపుల ఇంజినీర్లూ రైతులూ కలిసి ఒకే పొలం గట్టున నిలబడాలి. ఎవరి నివేదిక వాళ్లు రాసుకుంటే అనుమానం పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఇదే గోదావరి మీద ఎగువన జరిగిన అనుభవం మనకు ఉండనే ఉంది. నాందేడ్ జిల్లా ధర్మాబాద్ దగ్గర మహారాష్ట్ర కట్టిన బాబ్లీ బ్యారేజీ మీద ఎంత రగడ జరిగింది! 2010 జులైలో అక్కడికి బయల్దేరిన చంద్రబాబు నాయుడినీ, ఆయన పార్టీ నేతలనూ మహారాష్ట్ర పోలీసులు అరెస్టు చేశారు. 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీలు కిందికి వదలాలి, కేంద్ర జలసంఘం ప్రతినిధితో కూడిన కమిటీ పర్యవేక్షించాలి. ఆ లెక్క నచ్చనివాళ్లు రెండు వైపులా ఉన్నారు. అయినా కోపం ఇప్పుడు తేదీ మీద, పొరుగువాడి మీద కాదు. నా దృష్టిలో శాంతి అంటే ఇదే.

విపత్తును తట్టుకోవడమంటే బియ్యం పంచి, శిబిరం పెట్టి ఊరుకోవడం కాదు. నది పొంగిన రాత్రి ధాన్యం బస్తాలు అటకెక్కించి, పిల్లల్ని పక్కన పెట్టుకుని కూర్చున్న తల్లికి నీళ్లు ఎప్పుడొస్తాయో తెలిస్తే సగం భయం పోతుంది. పోయిన ఆ నిద్రను ఏ నష్టపరిహారం లెక్కగడుతుంది? ఇసుక మేట వేసిన చేను ఒక్క పంటతో తేరుకోదు. సాత్‌బారాలో, అంటే మహారాష్ట్ర భూమి రికార్డులో, పేరు లేని కౌలు రైతుకైతే ఆ ఒక్క పంట పరిహారం దక్కడమూ గగనమే.

గత 60 ఏళ్ల అంతర్గత ఘర్షణల్లో కనీసం 40 శాతానికి సహజ వనరులతో ముడి ఉందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2009లో చెప్పింది. దశాబ్దాలపాటు తుపాకుల మధ్య నలిగిన గడ్చిరోలికి ఇది దూరపు మాట కాదు. ఇక్కడ నీటి మీద కొత్త కక్షకు చోటివ్వకూడదు.

2023 అక్టోబర్‌లో మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి. ఆ తర్వాత నీళ్లు నిలపడం ఆగింది. మాట్లాడుకోవడానికి దొరికిన సమయం ఇదే. మళ్లీ గేట్లు దించే ముందు బాబ్లీ తరహా తేదీల పట్టిక రావాలి. కమిటీలో రెండు ఒడ్డుల రైతులూ కూర్చోవాలి. వరద హెచ్చరిక తెలుగు, మరాఠీ, ఇక్కడి ఆదివాసుల భాష మాడియా మూడింటిలోనూ వినిపించాలి. ఆ పట్టిక హైదరాబాద్, ముంబై ఫైళ్లలో కాదు, సిరొంచ తాలూకాలోని ప్రతి పంచాయతీ గోడ మీద కనిపించాలి.